నూకరత్నం చెయ్యి

సముద్రం ఒడ్డున పాఠం చెప్పడమంటే గాలితో పోట్లాడటమే. టీచరు నోట్లోంచి మాట బయటికి రాగానే గాలి ఎత్తుకుపోతుంది, వినాల్సిన పిల్లలేమో పీతల వెనకాల పరిగెడతారు. అయినా ఉప్పుగెడ్డపాలెం బడిలో గౌరీశ్వరి టీచరు ప్రతి శనివారం పిల్లలందర్నీ వెంటేసుకుని ఇసకలోకి దిగేది. ఆవిడ చేతిలో రెండు వెదురు బుట్టలుండేవి. ఒకటి గంగమ్మ బుట్ట, రెండోది చెత్త బుట్ట. సముద్రం తనంతట తను కన్నదేదైనా గంగమ్మ బుట్టలో పడాలి. మనుషులు చేసి, వాడి, పారేసిందేదైనా చెత్త బుట్టలో పడాలి. ఆఖర్న గంగమ్మ బుట్టని మళ్ళీ నీటి అంచున బోర్లించేయాలి. చెత్త బుట్టని మాత్రం బడిదాకా మోసుకురావాలి. ఆ మోసే వంతు వచ్చినవాళ్ళు ఏడుపు మొహం పెట్టేవారు, ఎందుకంటే మొదటి బుట్ట అడుగు నిండేలోగా రెండోది పొర్లిపోయేది.

ఒక శనివారం ఒక తెల్లటి ముక్క దొరికింది. దాంతో పిల్లలు రెండు జట్లుగా చీలిపోయారు.

"థర్మాకోలే టీచర్! సెత్త!"

"కాదు టీచర్, గంగమ్మదే!"

మూడో తరగతి నూకరత్నం వాళ్ళ మధ్యలోకి దూరి, ఆ ముక్క లాక్కుని, కళ్ళు మూసుకుని గోటితో గీకింది. మెత్తటి పిండి రాలింది.

"థర్మాకోలయితే పూసలు పూసలుగా ఊడతాది టీచర్. ఇది సముద్రపు నురుగు, ఓ రకం సేప ఎముక. సంటిపిల్లల సెవిలో సీము కారితే మా మామ్మ దీన్నే నూరి ఏత్తాది."

"బాగుంది. కళ్ళెందుకు మూశావు?"

"కళ్ళకి రెండూ ఒకలాగే అవుపడతాయి కదా. సేతికే తెలుత్తాది."

ఈ మాట అక్కడున్న ఇంకొకరి చెవిన కూడా పడింది. ఆవిడ పేరు హైమవతి. తీరాన్ని శుభ్రం చేసే యంత్రాలు తయారుచేస్తున్న శాస్త్రవేత్త. టీచరుని అడిగి, పాఠం చూద్దామని విశాఖపట్నం నుంచి వచ్చి, తిరగేసిన తెప్ప మీద కూర్చుని ఉంది. చాలాకాలంగా ఆవిడ తన యంత్రాలకి కళ్ళు పెట్టి, లక్షల ఫొటోలు చూపించి, ఓడిపోయి ఉంది. తెల్లగా ఉన్నదల్లా థర్మాకోలే అనుకుని అవి గవ్వల్ని కూడా ఎత్తుకుపోయేవి. ఆవిడ లేచి వచ్చి నూకరత్నం చెయ్యి పట్టుకుని, సంతలో వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

కొన్నాళ్ళకి హైమవతి ఒక పెట్టెతో మళ్ళీ దిగింది. పెట్టె నిండా ఉల్లిపొరంత పల్చటి చేతితొడుగులు. అవి వేసుకుని పిల్లలు ఏ వస్తువు ముట్టుకున్నా దాని బరువు, గరుకు, తడి, చల్లదనం అన్నీ యంత్రానికి చేరతాయి. వాటితోపాటు, ముట్టుకున్న చెయ్యి ఇష్టంగా మూసుకుందా, ఉలిక్కిపడి వెనక్కి వచ్చిందా అన్నది కూడా చేరుతుంది. గవ్వ తగిలితే పిల్లల చెయ్యి దానంతటదే మూసుకుంటుంది. కుళ్ళిన పాల ప్యాకెట్టో, వాడి పారేసిన డైపరో తగిలితే ఉలిక్కిపడుతుంది. మూసుకుంటే గంగమ్మ బుట్ట, ఉలిక్కిపడితే చెత్త బుట్ట. యంత్రం నేర్చుకోవాల్సింది అంతే.

"ముందు ఒకటనుకుని, వెంటనే తప్పు తెలుసుకుని సరిచేసుకుంటే?" అని అడిగింది గౌరీశ్వరి టీచరు. పిల్లలు అలాగే చేస్తారని ఆవిడకి తెలుసు.

"ఆ రెండోది యంత్రం తీసుకోదు. రెండోది ఆలోచనండీ. అందులో మొహమాటం ఉంటుంది, పక్కవాడి మాట ఉంటుంది, టీచరంటే భయం ఉంటుంది. మొదటి ఉలుకు మాత్రం అబద్ధమాడదు. దాన్ని పట్టుకోగానే యంత్రం పని మొదలెట్టేస్తుంది."

"ఒడ్డున ఎవరైనా పడుకుని ఉంటే వాళ్ళనీ ఈడ్చుకుపోదు కదా?"

"వెచ్చగా ఉన్నదేదీ ముట్టుకోవద్దని ముందే పెట్టాం," అని నవ్వింది హైమవతి. ఆ నవ్వు చూసి టీచరుకి తన ప్రశ్న తనకే చాదస్తంగా అనిపించింది.

అలా వచ్చాయి ఇనప పీతలు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఒక్కోటీ నీళ్ళ బిందె అంత ఉండేది. చిన్నదైతే ఒకటే ఎత్తుకుపోయేది, పెద్దదైతే నాలుగైదు కలిసి లాక్కుపోయేవి. తీరం పొడవునా అక్కడక్కడా రేకుల షెడ్లు కట్టారు. తెచ్చిందంతా ఆ షెడ్డులో కొలిమిలాంటి యంత్రంలో కరిగి, నొక్కుడు పడి, బూడిదరంగు దిమ్మలుగా బయటికొచ్చేది. ఆ దిమ్మలతో సముద్రానికి అడ్డంగా గోడ కట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు ప్రతి వానాకాలం ఒక వరస ఇళ్ళు సముద్రంలో కలిసిపోయేవి. అందుకని పేటంతా ఆ గోడని చూసి సంబరపడింది. పడదా మరి.

పీతకి ఏదైనా తేలకపోతే, దాని కొక్కేలకి తగిలిన స్పర్శ తిరిగి ఏదో ఒక పిల్ల తొడుగులోకి వచ్చేది. అందరిలోకీ నూకరత్నం చెయ్యి తప్పులేకుండా చెబుతోందని తేలాక, ఒక తొడుగు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. రోజూ బడికి వెళ్ళేముందు ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని తొడుగు వేసుకునేది. ఎక్కడెక్కడి తీరంలో పీతలకి వచ్చిన అనుమానాలన్నీ ఆ అరచేతిలోకి వచ్చి వాలేవి.

తండ్రి మాసేనుకి ఇది భలే తమాషాగా ఉండేది. వేట నుంచి వచ్చి వల ఆరేసి, చప్పుడు చెయ్యకుండా కూతురి వెనకాల చేరేవాడు.

"కళ్ళు ముయ్యే నూకీ. సెప్పు, ఇది ఏ బుట్ట?" అని తన చెయ్యి ఆమె చేతిలో పెట్టేవాడు.

ఎప్పుడో గాలం దిగి మాసేను కుడిచేతి నడిమి వేలు వంకరగా అతుక్కుపోయింది. నూకరత్నం ఆ వంకర తడిమి తడిమి, ఎంతో ఆలోచించినట్టు నటించేది.

"ఇది ఏ బుట్టా కాదు. మా నానది!"

"సరిగ్గా సూడవే. కుళ్ళు సేపల కంపు కొడతంది కదా."

"అయినా మా నానదే!"

"ఉప్పు సేతుల్తో ఆ తొడుగు ముట్టుకోకయ్యా, పాడయిపోతే మేడమ్ ఊరుకోదు," అని పొయ్యి దగ్గర్నుంచి పైడమ్మ కేకలేసేది. అయినా తండ్రీ కూతుళ్ళు మర్నాడు మళ్ళీ అదే ఆట మొదలుపెట్టేవారు.

తీరం అద్దంలా తయారైంది. కార్లలో జనం వచ్చి ఫొటోలు దిగి వెళుతున్నారు. గౌరీశ్వరి టీచరు మాత్రం రెండు బుట్టలూ ఖాళీగా ఇంటికి తెచ్చుకోసాగింది. చెత్త లేకపోవడం సంతోషమే, కానీ జెల్లీ చేపలు ఏమయ్యాయి? ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు పాములు, ముళ్ళకాయల్లాంటి జీవాలు, అప్పుడప్పుడూ కనబడే చచ్చిన తాబేళ్ళు, ఇవన్నీ ఎక్కడికి పోయాయి? ఆవిడ షెడ్డు దగ్గరికి వెళ్ళి, అవి కూడా చెత్తతోపాటు కొలిమిలోకి పోతుండటం చూసొచ్చి, హైమవతికి ఫోన్ చేసింది.

"జెల్లీ చేపని ముట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి అని పిల్లలకి చెప్పింది నేనేనండీ. అందుకని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. భయపడ్డారు, అంతే. అది చెత్తని కాదు. భయపడ్డ చెయ్యీ అసహ్యపడ్డ చెయ్యీ ఒకటేనా?"



"యంత్రానికి ఒకటేనండీ," అంది హైమవతి. ఆవిడ అబద్ధాలకోరు కాదు. "దాన్ని విడదీయాలంటే మొత్తం మొదటి నుంచీ నేర్పాలి. ఇక్కడ పైవాళ్ళేమో మిగతా తీరానికి కూడా వీటినే పంపమని తొందరపెడుతున్నారు. జెల్లీ చేపలు పోయాయని ఒక్కరూ బాధపడలేదు. వచ్చే ఏడాది తప్పకుండా చూస్తాను."

వచ్చే ఏడాది కంటే ముందే తుపాను వచ్చింది.

హెచ్చరిక అందేసరికి పడవలన్నీ తిరుగుముఖం పట్టాయి. మాసేను పడవ ఒక్కటే రాలేదు. గాలి ఇళ్ళ కప్పులు ఎగరగొట్టి, ఊరి పక్కన సముద్రంలో కలిసే గెడ్డకి వరద తెచ్చి, చివరికి అలిసిపోయి ఆగింది. ఆ పడవలోని మిగతా ఇద్దర్నీ పక్క ఊరి వాళ్ళు ప్రాణాలతో ఒడ్డుకి చేర్చారు. మాసేను తమ కళ్ళముందే జారిపోయాడని వాళ్ళు చెప్పారు.

గంగమ్మ తీసుకున్న మనిషిని ఎక్కడో ఒకచోట ఒడ్డున పెట్టి వెళుతుందని ఆ పేట నమ్మకం. శవాన్ని కళ్ళతో చూసేదాకా పెళ్ళాం బొట్టు తీయకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గొంతెత్తి ఏడవకూడదు. బతికున్నవాడి కోసం ఏడిస్తే అరిష్టమంటారు. పైడమ్మ నీటి అంచున కూర్చుని, వచ్చే ప్రతి అలనీ చూస్తోంది. పేటలో మగవాళ్ళు ఇటువైపు ఒడ్డంతా వెతికారు. గెడ్డకి అవతల పొడుగాటి ఇసక దిబ్బ ఉంది, ప్రవాహం కొట్టుకొచ్చిందేదైనా అక్కడే చేరుతుంది. కానీ వరద తగ్గేదాకా గెడ్డ దాటడం ఎవరి తరమూ కాదు.

హైమవతి ఫోన్ టీచరుకి వచ్చింది. తుపాను తీరమంతా చెత్తతో నింపేసిందనీ, పీతలు అనుమానాలతో ఎక్కడివక్కడ ఆగిపోతున్నాయనీ, నూకరత్నం ఒక్కసారి తొడుగు వేసుకుంటే బాగుంటుందనీ అంది. మాసేను సంగతి ఆవిడకింకా తెలియదు. టీచరు తెలియజెప్పింది, కోపంగానే చెప్పింది. హైమవతి వెంటనే వద్దంది, క్షమించమంది. అంతా పక్కనే ఉన్న పిల్ల వింది.

"తొడుగు నేనేసుకుంటాను టీచర్."

"వద్దమ్మా. నీకిప్పుడు ఆ పని వద్దు."

"గెడ్డ అవతలకి మనోళ్ళెవరూ ఎల్లలేకపోతన్నారు. ఇనప పీతలు ఎల్తాయి కదా. నాన అక్కడికొత్తే నాకే ముందు తెలుత్తాది."

పైడమ్మ అలల మీంచి చూపు తిప్పి మొదటిసారి కూతురి వైపు చూసింది. "ఎయ్యనీండి టీచరమ్మా," అంది. "ఆ సెయ్యి దానికి తెలీదేటి? సీకట్లో అయినా పోల్చేత్తాది."

నిజం చెప్పాలంటే టీచరుకి కూడా అది సబబుగానే తోచింది. అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికైనా మొదటి ఉలుకు మాట గుర్తు రాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఏ చిన్న దారి కనబడినా అది మంచి దారిలాగే ఉంటుంది.

పొద్దు పొడిచాక నూకరత్నం గుమ్మంలో కూర్చుని తొడుగు వేసుకుంది. చుట్టూ పేట ఆడవాళ్ళు చేరారు. తెగిన తాడు వచ్చింది, చెక్క ముక్క వచ్చింది, సీసా వచ్చింది. కొబ్బరి మట్ట వచ్చింది. ఆ పిల్ల ఒక్కోటీ తడిమి, "కాదు, కాదు" అంటోంది. నోటితో అంటున్నది చుట్టూ ఉన్నవాళ్ళ కోసం. యంత్రానికి చెయ్యి చాలు.

తరవాత ఏదో చల్లగా, మెత్తగా తగిలింది. నీళ్ళలో నానిపోయి, ఉబ్బి, జారిపోతున్న తోలు. నూకరత్నం చెయ్యి ఒక్క గుంజుతో వెనక్కి వచ్చేసింది. ఎవరి చెయ్యైనా అదే చేస్తుంది.

ఆ వెనక్కి వచ్చే చేతికి చిట్టచివర వంకర వేలు తగిలింది.

"నానా!" అని అరిచి చెయ్యి ముందుకు చాచి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులోకి వచ్చింది కొబ్బరి పీచు. పీతలకి జవాబు అందిపోయింది, అవి తరవాతి అనుమానం పంపాయి.

"ఇది కాదు! ముందుది తెండి! ముందుది మా నాన!" అని ఆ పిల్ల కొబ్బరి పీచుని పిసుకుతూ ఏడ్చింది. ఇంకో సీసా వచ్చింది. ఇంకో తాడు వచ్చింది.

టీచరు ఫోన్‌లో "ఆపండి, అన్నీ ఆపండి" అని కేకలు పెట్టింది. హైమవతి ఆపింది కూడా. కానీ తీరమంతటా ఉన్న అన్ని పీతల్నీ, అన్ని షెడ్లనీ ఒకేసారి ఆపాలంటే కొంత సేపు పడుతుంది. ఆ కొంత సేపటిలోనే గెడ్డ అవతలి షెడ్డు తన పని పూర్తి చేసింది. అది ఎప్పుడూ ఆలస్యం చేసింది లేదు.

మగవాళ్ళు ఇంక వరదని లెక్కచెయ్యలేదు. తాడు కట్టుకుని పడవలో గెడ్డ దాటారు. పైడమ్మని వద్దంటే వినలేదు, టీచరు పడవలో ఆమెని పట్టుకుని కూర్చుంది. ఇసకలో ఈడ్చిన చార తిన్నగా షెడ్డు దాకా ఉంది. షెడ్డు ముందు ఆ పూట చేసిన దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ బూడిద రంగే, అన్నీ ఒకే కొలత. ఇంకా వేడిగా ఉన్నాయి.

ఒక కుర్రాడు గునపం ఎత్తాడు. పెద్దాయనొకడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బద్దలుకొడతావురా? మాసేనునా?"

గునపం కింద పడింది. పైడమ్మ దిమ్మల ముందు కూర్చుని ఒక్కోదాన్నీ అరచేత్తో తాకుతూ వరస చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఏది టీచరమ్మా? దేనికని దణ్ణం పెట్టను? అన్నీ ఒకలాగే కాలతన్నాయి."

గౌరీశ్వరి టీచరు కూడా ఒక దిమ్మ మీద చెయ్యి పెట్టి తీసేసింది. ఏది ఏమిటో వేరుచేసి చెప్పడమే ఆవిడ జీవితమంతా చేసిన పని.

పేట పెద్దలు కూర్చున్నారు. శవాన్ని ఎవరూ చూడలేదు కాబట్టి బొట్టు తీయడానికి లేదని కొందరన్నారు. ఇంకేం చూడాలని కొందరు అరిచారు. ఏదీ తేలలేదు. పైడమ్మ బొట్టు అలాగే ఉండిపోయింది. ఆమె ఎవరి పేరంటానికీ వెళ్ళదు, ఎవరి పరామర్శకీ తలుపు తీయదు. గొంతెత్తి ఏడవడానికి ఇప్పటికీ ఆమెకి అనుమతి రాలేదు.

హైమవతి వచ్చింది. సాకులు చెప్పలేదు, పైడమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది, తలుపు తెరుచుకోలేదు. తిరిగి వెళుతూ బడి దగ్గర ఆగింది.

"మనిషి ఆకారం ఉన్నదేదీ ముట్టుకోవద్దని ఇప్పుడు పెట్టాం," అంది.

"మిగతావి?"

"మిగతావి అలాగే ఉంటాయి. అన్నీ ఆ పిల్ల చేతిలోంచే నేర్చుకున్నాయండీ. పాలల్లో కలిసిన నీళ్ళు, మళ్ళీ విడదీయలేను. అన్నీ పారేసి మొదట్నుంచీ మొదలుపెడదామన్నాను. పైవాళ్ళు ఒప్పుకోలేదు. గోడ సగంలో ఆగిపోతుందన్నారు. మీ పేటవాళ్ళు కూడా గోడ కావాలనే సంతకాలు పెట్టారు. ఇవాళ మన తీరం మొత్తం మీద పనిచేస్తున్నది నూకరత్నం చెయ్యే. ఆ ఉలుకే. నేను ఉద్యోగం మానేస్తున్నాను."

"మీరు మానేస్తే అవి ఆగుతాయా?"

"ఆగవు."

టీచరు ఆవిడని కూర్చోమనలేదు. తరవాత అందుకు బాధపడింది కానీ, ఆ సమయంలో చేతకాలేదు.

షెడ్డు ముందున్న దిమ్మల్ని కూడా గోడలో పెట్టేశారు. ఎవరూ అడ్డుపడలేదు. గోడ లేకపోతే వచ్చే వానాకాలం పైడమ్మ ఇల్లే ముందు పోతుంది. ఆమె ఇప్పుడు రోజూ పసుపు కలిపి గోడ పొడుగునా ఒక్కో దిమ్మకీ బొట్టు పెట్టుకుంటూ వెళుతుంది. పోటు వచ్చి అంతా కడిగేస్తుంది. కడిగేసినా మళ్ళీ పెడుతుంది.

నూకరత్నం బడికి వస్తోంది. కుడి చెయ్యి గౌను జేబులోంచి తీయదు. ఎడం చేత్తో రాస్తుంది, ఎడం చేత్తో అన్నం తింటుంది. చూసి చూసి గౌరీశ్వరి టీచరు ఒక శనివారం మళ్ళీ బుట్టలు తీసింది. ఇసక మీద ఏమీ లేదు, ఒక ఈనె పుల్ల కూడా లేదు. బడి బీరువాలో దాచిన పాత గవ్వలూ, సముద్రపు నురుగూ, ఇంట్లోంచి తెచ్చిన థర్మాకోలు ముక్కలూ, ఖాళీ ప్యాకెట్లూ ఆవిడే ఇసక మీద పరిచింది. పిల్లలు పెళ్ళికి వచ్చినట్టు నెమ్మదిగా, మర్యాదగా ఏరి ఏ బుట్టలోది ఆ బుట్టలో వేశారు. ఎవరూ పోట్లాడుకోలేదు.

అందరూ అయ్యాక నూకరత్నం వచ్చింది. ఏమీ ముట్టుకోలేదు. జేబులోంచి కుడి చెయ్యి తీసి టీచరు ముందు చాపింది.

"టీచర్, ఇది ఏ బుట్ట?"

"అలా అనకూడదమ్మా," అని టీచరు ఏడుస్తూ రెండు చేతులతో ఆ చెయ్యి అందుకోబోయింది. వేళ్ళు తగిలాయో లేదో, అది ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళిపోయింది.

"సూసారా టీచర్," అంది ఆ పిల్ల. "దానికేం తెలీదు."

చెత్త బుట్ట మోసే వంతు ఆ రోజు నూకరత్నానిదే. ఎడం చేత్తో బుట్టని పట్టుకుని, కుడి చెయ్యి అందులో, ప్యాకెట్ల మధ్య పెట్టుకుని, గోడ పక్కనుంచి బడిదాకా నడిచింది.